పల్నాడులో మతాల పోలిక: దానం, పంక్తి, వీరపూజ

ప్రపంచ మతాలను పోల్చి చదవడం మొదలుపెట్టే విద్యార్థి చేత పాఠ్యపుస్తకాలు ముందుగా మూడు ప్రశ్నలు వేయిస్తాయి: స్థాపకుడు ఎవరు, గ్రంథం ఏది, సిద్ధాంతం ఏమిటి? పల్నాడు చరిత్రను ఈ మూడింటితోనే చదివితే చాలా భాగం చేజారుతుంది. ఇక్కడి ఆధారాల్లో సిద్ధాంత చర్చ తక్కువ. ఎవరు ఎవరికి దానం చేశారు, ఎవరి పక్కన కూర్చుని తిన్నారు, చనిపోయిన వారిని ఎలా కొలిచారు అన్న వివరాలే ఎక్కువ.

వాటిలో పాతవీ, అన్నిటికంటే వివరంగా మాట్లాడేవీ మాచర్ల సమీపంలోని నాగార్జునకొండ శాసనాలు. క్రీ.శ. 3వ, 4వ శతాబ్దాల్లో ఈ కృష్ణా లోయలోని విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. వంశస్థాపకుడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధ, వాజపేయ యాగాలు చేసిన వైదిక రాజు. మహాసేనుడి (కార్తికేయుడి) అనుగ్రహం పొందినవాడని శాసనాలు అతణ్ని కీర్తిస్తాయి. అతని సొంత సోదరి శాంతిశ్రీ మాత్రం బౌద్ధ సంఘానికి పెద్ద దాత. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యం దగ్గర ఆమె స్తంభాలు నిలిపింది. తనకు నిర్వాణం, తనవారికి ఇహపరాల్లో మేలు, అల్లుడైన వీరపురుషదత్తుడికి ఆయుష్షు కలగాలని ఆ స్తంభ శాసనంలో కోరింది. ఆయుష్షు కోసం, విజయం కోసం యాగం చేయించే రాజు కోరికకూ ఈ కోరికకూ దూరం ఎంతో లేదు. వేరుగా ఉన్నది దానం అందుకునే చేయి: యాగంలో బ్రాహ్మణుడు, విహారంలో భిక్షువు.

రాజవంశంలో మిగతా స్త్రీలదీ ఇదే దారి. వీరపురుషదత్తుడి రాణి భట్టిదేవి బహుశ్రుతీయులనే బౌద్ధ శాఖకు విహారం కట్టించింది. కూతురు కొడబలిశ్రీ మరో శాఖ మహీశాసకులకు కట్టించింది. రాజకుటుంబానికి చెందని ఉపాసిక బోధిశ్రీ దాన శాసనం కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి (సింహళం) దేశాల పేర్లు చెబుతుంది. ‘బౌద్ధం’ అని ఒకే పేరుతో పిలిచే మతంలో ఒకే లోయలో ఇన్ని శాఖలు ఇరుగుపొరుగుగా ఉన్నాయంటే, మతాన్ని విడదీయరాని ఒక్క ముద్దగా తీసుకుని పోల్చడం ఎంత తొందరపాటో తెలుస్తుంది. అదే ఊళ్లో పుష్పభద్రస్వామి శివాలయం, కార్తికేయుడి గుడి, అష్టభుజస్వామి పేరున విష్ణ్వాలయం, రంగస్థలం పక్కన హారీతి గుడి కూడా ఉండేవి.

ఛాయాస్తంభాలను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మరణించిన వారి జ్ఞాపకార్థం నిలిపిన ఈ రాళ్లు రాజులవే కావు, సైనికులవీ ఉన్నాయి. ఇవి ఏ మతానికి చెందినవంటే సూటిగా జవాబు చెప్పలేం.

మృతులను కొలిచే మరో సంప్రదాయం కారంపూడిలో ఇప్పటికీ నడుస్తోంది. 12వ శతాబ్దం చివర గురజాల నలగామరాజుకూ, మాచర్ల మలిదేవరాజుకూ నాగులేటి ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధానికి సాధారణంగా 1182 ప్రాంతపు తేదీ చెబుతారు. నలగాముడి మంత్రి నాయకురాలు నాగమ్మ శైవురాలు, మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడు వైష్ణవుడు కాబట్టి దీన్ని శైవ వైష్ణవ పోరుగా తేల్చేయడం ఒక అలవాటు. కథ లోపలికి వెళితే కోడిపందెం, వనవాసం, రాజ్యభాగం కోసం దాయాదుల తగాదా కనిపిస్తాయి. పైగా వైష్ణవ నాయకుడి పక్షాన పోరాడి నేలకొరిగిన వీరులను కారంపూడి వీర్ల గుడిలో లింగాలుగా కొలుస్తారు. శైవం, వైష్ణవం అని గీత గీసుకున్న పాఠం ఈ గుడి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు పేర్లతో ఉత్సవం జరుగుతుంది. వీరపూజ పాటించే వీరాచారవంతులు ఊరూరి నుంచి కొణతాలతో (వీరుల ఆయుధాలతో) వస్తారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడును మందపోరు నాడు గుర్తుచేసుకుంటారు. మాల కులస్థుడైన కన్నమదాసును అతను కొడుకుగా చూసుకున్నాడని కథ చెబుతుంది.

పల్నాడు మతాల్లో మరొకటి క్రైస్తవం. 1842 జూలై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరాడు. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన మొదటి మిషనరీ అతనే. 1849లో గురజాలను కేంద్రం చేసుకుని పల్నాడులో పనిచేశాడు. క్రైస్తవం ఇక్కడ ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లో పాతుకుంది. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. చాపకూడునూ, చర్చిలో ప్రభు రాత్రి భోజనాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించడం సహజం. కులం అడగని పంక్తి అన్న ఆశయం రెంటిలోనూ ఉంది. పోలిక అక్కడికి నిలిపితేనే మంచిది. చాపకూడుకు ఆధారం ఒక నాయకుడి కథ, సందర్భం ఏడాదికొకసారి వచ్చే ఉత్సవం. ప్రభు భోజనానికి ఆధారం సువార్త, అర్హత బాప్తిస్మం. ఒకదాన్ని చూసి మరొకటి పుట్టిందనడానికి ఆధారం లేదు. పోలిక కనిపించినచోటల్లా ప్రభావం ఉందనుకోవడం ఈ చదువులో మొదట వదిలించుకోవలసిన అలవాటు.

ఈ ఆధారాలు పండితుల చేతికి వచ్చింది 20వ శతాబ్దంలోనే. శ్రీనాథుడిదిగా చెప్పే పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రచురించాడు. నాగార్జునకొండ శిథిలాలు 1926లో బయటపడ్డాయి. లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు 1927లో మొదలయ్యాయి. నాగార్జునసాగర్ ఆనకట్ట వల్ల లోయ మునిగిపోయేలోగా, 1954 నుంచి ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్దఎత్తున తవ్వి, ముఖ్య కట్టడాలను కొండపైకీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించారు. వీరుల కథకు పాడేవాళ్ల నోటే ఉన్న రూపాన్ని జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిశెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసి, అనువాదంతో, వీరపూజ విశ్లేషణతో 1982లో పుస్తకంగా తెచ్చాడు.