వాదమున గెలిచినవాడెవడు?

విజయనగరమునకు చేరువనున్న రామతీర్థము శ్రీరామక్షేత్రముగా మనకందరకు తెలిసినదే. అచ్చటి గురుభక్తులకొండపై బౌద్ధుల స్తూప చైత్య విహారముల శిథిలములు కలవు. సరసనున్న కొండలపై జైన విగ్రహములు కలవు. వేంగి చాళుక్యరాజైన విమలాదిత్యుని కాలమున, అనగా 11వ శతాబ్ది ఆరంభమున, త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుడు ఈ కొండకు నమస్కరించినట్లు అచ్చటి గుహలోని కన్నడ శాసనము చెప్పుచున్నది. మూడు మతముల జాడలును ఒక్క పొలిమేరలోనే యున్నవి.

ఇన్ని మతములు ఇరుగుపొరుగున బ్రదికిన దేశములో వాదము తప్పదు. వాదమునకు కట్టుబాటును తప్పదు. గౌతముని న్యాయసూత్రములు ఆ కట్టుబాటును నిర్ణయించినవి. ఇరువురు సత్యము తేల్చుకొనుటకై ప్రమాణములతో మాటలాడినచో అది వాదము. గెలుపొక్కటే కోరి, ఎదుటివాని మాటకు పెడర్థములు తీసియైనను నెగ్గజూచినచో అది జల్పము. తన పక్షమును నిలుపక పరపక్షమును ఖండించుటయే పనిగా పెట్టుకొన్నచో అది వితండ. ఓటమి యెప్పుడు కలుగునో తెలుపుటకు 22 నిగ్రహస్థానములను లెక్కించిరి. అడిగినదానికి బదులు తోచకపోవుట, పట్టిన ప్రతిజ్ఞను విడుచుట, ప్రస్తుతమును వదలి వేరొకటి మాటలాడుట, చెప్పినదే మరల చెప్పుట మొదలైనవి వానిలోనివి. ఆ పట్టికలో గొంతు లేదు, ముఖవర్చస్సు లేదు, కట్టిన బట్ట లేదు.

అయినను పూర్వులు లోకమెరుగనివారు కారు. వాదమునకు దిగుటకు ముందు ఎదుటివానినే కాక సభను కూడ పరీక్షింపవలెనని చరకసంహిత వైద్యులకు చెప్పినది. ఒక సభలో గెలిచినవాడే మరియొక సభలో ఓడవచ్చును. కాబట్టి వాదము మంచిచెడ్డలలో వినువారికిని పాలు కలదు.

1960లో అమెరికా దేశమున ఈ సంగతి ప్రత్యక్షమయ్యెను. సెప్టెంబరు 26వ తేదీన చికాగో నగరమున, అధ్యక్షపదవికి పోటీచేయుచున్న కెనడీ, నిక్సను ఒకే వేదికపై నిలిచి వాదించిరి. అట్టివారి వాదమును దేశమంతయు టెలివిజనులో చూచుట అదే మొదలు. చూచినవారు సుమారు 7 కోట్లు. నిక్సను మోకాలి జబ్బుతో ఆసుపత్రిలో నుండి వచ్చినవాడగుటచే చిక్కియుండెను. ముఖమున చెమట పట్టెను. కెనడీ తేరిన ముఖముతో నిబ్బరముగా నుండెను. రేడియోలో విన్నవారు నిక్సనుదే పైచేయి యనిరనియు, టెలివిజనులో చూచినవారు కెనడీయే గెలిచెననిరనియు ఒక కథ వ్యాపించినది. దానికాధారమైన లెక్క బహు చిన్నది గనుక చరిత్రకారులు దానిని పూర్తిగా నమ్మరు. కాని కన్ను ఒక తీర్పును, చెవి వేరొక తీర్పును చెప్పుట మనకెవ్వరికి అనుభవము కాదు? నవంబరులో కెనడీ గెలిచెను. 6 కోట్ల 80 లక్షలకు పైబడిన ఓట్లలో ఇరువురకు తేడా సుమారు 1,12,000 మాత్రమే.

అట్టి వాదము మరల 1976లో జరిగెను. సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో ఫోర్డు, కార్టరు వాదించుచుండగా ధ్వనియంత్రము చెడి 27 నిమిషములు మాట వినబడలేదు. ఇరువురును తమ తమ బల్లల వెనుక నిలిచియే యుండిరి. దేశము మాటలేని ముఖములను చూచుచు కూర్చుండెను.

మన రాష్ట్రపతి యెన్నికలో ఇట్టి వేదిక లేదు. ఓటు చట్టసభల సభ్యులది. 1969లో ఇద్దరు తెలుగువారు, వి. వి. గిరియు నీలం సంజీవరెడ్డియు, ఈ పదవికై తలపడిరి. గిరి మన ప్రాంతమునకు క్రొత్తవాడు కాడు. 1937లో మద్రాసు ప్రధానమంత్రిగా నున్న బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించినవాడు. సంజీవరెడ్డి కాంగ్రెసు అభ్యర్థి, గిరి స్వతంత్రుడు. అంతరాత్మ చెప్పినట్లు ఓటు వేయుడని ఇందిరాగాంధి కోరెను. మొదటి లెక్కలో ఎవరికిని సగము మించలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలుపగా గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువగల ఓట్లు వచ్చినవి. ఆ తీర్పులో కక్షల బలమును కలదు. కాని ఓటు వేసినవారు ఆ ఇరువురను ఒక్క రాత్రి ముఖము చూచి యెరిగినవారు కారు. ఏండ్ల తరబడి నడవడి చూచి యెరిగినవారు.

నేడు అభ్యర్థుల ముఖములు మన ఇంటిలోనికే వచ్చుచున్నవి. వారిలో గెలిచినవాడెవడని పిల్లలు మనల నడుగుదురు. బదులు చెప్పుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను. అడిగినదానికి బదులు చెప్పెనా? నిన్నటి మాటపై నేడు నిలిచెనా? తన పక్షమేదో తెలిపెనా, లేక ఎదుటివానిని తిట్టుటతో సరిపెట్టెనా? సందేహము కలిగినచో కొంతసేపు కన్నులు మూసికొని వినుడు.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. పొలముగట్టు తగవు వచ్చినప్పుడు ఊరిపెద్దలు ఎవరు బిగ్గరగా అరచిరని చూడరు. లేచి వెళ్లి సరిహద్దురాయి ఎచ్చటనున్నదో చూతురు.