చెక్కు పలుకు, చెక్కు పలకరింపు

ఒక జాతి చరిత్రను తెలిసికొనుటకు రాజుల పేర్లను వల్లె వేయుట ఒక మార్గము. ఆ జాతివారు ఒకరినొకరు ఎట్లు పలకరించుకొందురో గమనించుట మఱియొక మార్గము. ఈ రెండవ త్రోవను మనము మధ్య యూరపులోని చెక్కు దేశమునకు పోయి చూతము.

చెక్కు భాష స్లావు కుటుంబమునకు చెందినది. దానిని లాటిను లిపిలో వ్రాయుదురు. కాని ఆ లిపిలో చ, ష, ఞ వంటి ధ్వనులకు అక్షరములు లేవు. పూర్వపు లేఖకులు ఒక్క ధ్వనికై రెండు మూడు అక్షరములను గ్రుచ్చి వ్రాసెడివారు. ఒకడు వ్రాసినది వేఱొకనికి సులభముగా కొఱుకుడు పడెడిది కాదు. 15వ శతాబ్ది ఆరంభమున వెలసిన యొక చిన్న లాటిను గ్రంథము ఈ చిక్కును విప్పినది. అది మతసంస్కర్తయైన యాన్ హుస్ రచనగా ప్రసిద్ధి కెక్కినది. హల్లుపై చుక్క పెట్టినచో మెత్తని ధ్వని, అచ్చుపై గీత పెట్టినచో దీర్ఘము. ఇదియే అందలి ఉపాయము. 1415 జూలై 6న కాన్‌స్టన్స్ నగరమున హుస్‌ను సజీవదహనము చేసిరి. ఆ చుక్క మాత్రము నశింపలేదు. కాలక్రమమున అది చిన్న కొక్కెముగా మాఱి నేటికిని చెక్కు అక్షరములపై నిలిచియున్నది.

ఈ భాషను పలుకుటలో తెలుగువారికి కొంత సౌలభ్యము కలదు. చెక్కులో హ్రస్వదీర్ఘ భేదము మనకు వలెనే అర్థమును మార్చును. హ్రస్వమైన ఎ, ఒలు మనకు క్రొత్తవి కావు. 'చాలు' అనుటలోని దంత్య చకారమును, 'చీమ' అనుటలోని తాలవ్య చకారమును వారును వేఱు చేయుదురు. మనము దంత్యమునకు పైన గుర్తు పెట్టెడివారము. వారు తాలవ్యమునకు పెట్టిరి. పదమున ఊనిక ఎల్లప్పుడును మొదటి అక్షరముపైననే. అచ్చు లేని పదములును కలవు. తోడేలును 'వ్ల్‌క్' అందురు; సంస్కృతమున 'వృక' శబ్దము దీనికి సోదరి. నాలుకను కంపింపజేయుచు 'ర'ను, 'జ' వంటి ఊష్మధ్వనిని ఒక్కమాఱుగా పలుకు అక్షరమొకటి మాత్రము అక్కడి పసిపిల్లలకును కడపట గాని పట్టుబడదు.

ఇంతటి భాష కొంతకాలము సభలనుండి వెడలగొట్టబడినది. 1620లో శ్వేతపర్వత యుద్ధమున చెక్కు ప్రభువులు ఓడిరి. 1627 నాటి శాసనము జర్మను భాషకు సమాన ప్రతిపత్తి నొసగగా, క్రమముగా కచేరీలును విద్యాలయములును దాని వశమైనవి. చెక్కు పల్లెలలో బ్రదికినది. 1809లో దొబ్రోవ్‌స్కీ పండితుడు చెక్కు వ్యాకరణమును జర్మను భాషలోనే వ్రాయవలసి వచ్చెననిన నాటి స్థితి తెలియగలదు. పిమ్మట యుంగ్‌మన్ 1834-1839 నడుమ ఐదు సంపుటముల నిఘంటువును వెలువరించి, ఈ భాష శాస్త్రమునకును కావ్యమునకును చాలునని నిరూపించెను.

రేడియో శ్రోతలమైన మనము మఱువరాని ఘట్టమొకటి కలదు. నాజీల యాక్రమణ కాలమున ప్రాగు రేడియోలో జర్మను భాషయు తప్పనిసరి. 1945 మే 5న ఉదయమున అచటి ప్రకటనకర్తలు జర్మనును విడిచి చెక్కులోనే పలుకసాగిరి. నాడే రేడియో భవనమున పోరు చెలరేగినది; సహాయమునకు రండని ఆకాశమార్గమున పిలుపు వినవచ్చినది; నగరము తిరుగబడినది. 

ఇక పలకరింపులు. పగటివేళ 'దొబ్రీ దెన్' అందురు. 'దొబ్రీ' యనగా మంచి. 'దెన్' మన 'దినము'నకు బంధువు. సాయంకాలము 'దొబ్రీ వెచెర్'. కృతజ్ఞతకు 'ద్యెకుయి', దయచేసి యనుటకు 'ప్రొసీమ్'. చనువైనవారు 'అహొయ్' అందురు. సముద్రమే లేని దేశమున నావికుల కేక పలకరింపగుట వింతయే కదా! సెలవు తీసికొనునప్పుడు 'నస్ఖ్లెదనౌ', అనగా మరల చూచుకొను వఱకు. మనము 'పోయెదను' అనక 'పోయి వచ్చెదను' అనుటలోని భావమే యిదియు.

పరభాష నేర్వగోరువారు ముందుగా ఈ నాలుగు మాటలను నోట నిలుపుకొందురు గాక. ఇవి చిన్నవి, కాని వీనిని నిర్భయముగా పలుకు హక్కుకై ఒక జాతి మూడు శతాబ్దములు పెనుగులాడినది.