డిస్క్ ఇమేజింగ్

కంప్యూటరు డిస్కులో ఉన్నదంతా ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా నకలు తీసి, ఒక ఫైలుగా దాచుకునే పద్ధతిని డిస్క్ ఇమేజింగ్ అంటారు. అలా తీసిన ఫైలు పేరు ఇమేజ్. యంత్రం మొరాయించినప్పుడు ఇమేజ్‌ను డిస్కులోకి తిరిగి ఎక్కిస్తే, నకలు తీసిన రోజున ఎలా ఉండేదో అలాగే మళ్ళీ లేస్తుంది. విండోస్, ప్రోగ్రాములు, డ్రైవర్లు, ఫాంట్లు, ప్రింటరు సెట్టింగులు ఎక్కడివక్కడే ఉంటాయి. విండోస్ వాడేవాళ్ళు 'సీ డ్రైవ్' అని పిలిచే సిస్టమ్ డ్రైవ్‌ను కాపాడుకోవడానికి ఈ పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది. నకలు తీయడం ఏళ్ళు గడిచేకొద్దీ సులువైంది. తిరిగి ఎక్కించిన డిస్కు బూట్ కావడం దగ్గరే ప్రతి తరం యంత్రాలూ ఒక కొత్త చిక్కు తెచ్చిపెట్టాయి. డిస్క్ ఇమేజింగ్ చరిత్ర చాలావరకు ఆ చిక్కుల చరిత్రే.

ఫైళ్ళ నకలు, డిస్కు నకలు

ఉత్తరాలు, ఫొటోలు, లెక్కల ఫైళ్ళు మరో డిస్కులోకి కాపీ చేస్తే అవి భద్రంగా ఉంటాయి. సీ డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ అలాగే కాపీ చేసి కొత్త డిస్కులో పెడితే మాత్రం అది బూట్ కాదు. యంత్రాన్ని లేపే సమాచారంలో కొంత ఏ ఫోల్డర్‌లోనూ కనిపించదు. పాత పద్ధతి డిస్కుల్లో మొట్టమొదటి సెక్టార్‌ను మాస్టర్ బూట్ రికార్డ్ అంటారు. దాని పరిమాణం 512 బైట్లు. అందులో మొదటి 446 బైట్లలో బూట్ చేసే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. తర్వాతి 64 బైట్లలో పార్టిషన్ల పట్టిక, పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు వరసలుగా ఉంటుంది. చివరి రెండు బైట్లు ముద్ర లాంటివి. ఈ ఒక్క సెక్టార్ చెడినా లక్షల ఫైళ్ళు చెక్కుచెదరకుండా ఉన్న యంత్రం కూడా లేవదు. ఇమేజింగ్ డిస్కును సెక్టార్ల వరసగా చూస్తుంది కాబట్టి ఇలాంటి కంటికి కనబడని భాగాలు కూడా నకలులోకి వస్తాయి.

తొలి రోజులు

డిస్కును బైట్ల వరసగా కాపీ చేసే ప్రోగ్రాముల్లో ఎక్కువకాలం నిలిచినది 'డీడీ'. ఇది 1974లో యూనిక్స్ ఐదో సంచికతో వచ్చింది. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల జాబ్ కంట్రోల్ భాషలోని ఒక ఆదేశం పేరే దీనికి పెట్టారు. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్న రెండు మాటలు చెబితే చాలు, ఏం కాపీ చేస్తున్నదీ పట్టించుకోకుండా తన పని చేసుకుపోతుంది. ఆ రెండూ తారుమారైతే ఖాళీ డిస్కును మంచి డిస్కు మీద రాసేస్తుంది కనుక లైనక్స్ నిర్వాహకులు దీన్ని ఇప్పటికీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడతారు. పాడైన డిస్కు నుంచి చదవగలిగినంత ముందు చదివి, మొరాయించే సెక్టార్ల దగ్గరికి తర్వాత వచ్చే 'జీఎన్‌యూ డీడీరెస్క్యూ' కూడా ఈ దారిలో వచ్చినదే.

ఇళ్ళకూ ఆఫీసులకూ వచ్చిన పర్సనల్ కంప్యూటర్లలో హార్డ్ డిస్కు బ్యాకప్ సమస్య 1983లో మొదలైంది. ఆ ఏడాది మార్చిలో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు ఉండేది. దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో బ్యాకప్, రీస్టోర్ అనే రెండు ఆదేశాలు చేర్చారు. అప్పటి ఫ్లాపీలో 360 కిలోబైట్లు పట్టేవి. నిండిన డిస్కును దాచాలంటే దాదాపు 29 ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి తీయాలి. వాటిలో ఒక్కటి బూజు పట్టినా రీస్టోర్ మధ్యలో ఆగిపోయేది. అయినా ఆ రోజుల్లో సిస్టమ్‌ను మళ్ళీ వేసుకోవడం పెద్ద పని కాదు. డాస్ కొన్ని ఫ్లాపీల్లోనే సరిపోయేది. కాపాడుకోవాల్సింది ఫైళ్ళనే.

1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 ఈ లెక్క మార్చింది. సెట్టింగులన్నీ రిజిస్ట్రీ అనే చోటికి చేరాయి, ప్రోగ్రాములు తమ ఫైళ్ళను విండోస్ ఫోల్డర్లలో చల్లుకోసాగాయి. పాత డాస్ ఆదేశాలతో కాపీ చేస్తే పొడవైన ఫైలు పేర్లు పోయి, ఎనిమిది అక్షరాల పొట్టి పేర్లే మిగిలేవి. ఫైళ్ళవారీ కాపీతో విండోస్‌ను కాపాడుకోలేమని అందరికీ తెలిసొచ్చింది ఈ దశలోనే. పొడవు పేర్లను కూడా సెక్టార్లలోని రాతగానే చూసే ఇమేజింగ్‌కు ఈ ఇబ్బంది లేదు.

ఘోస్ట్

న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో బైనరీ రిసెర్చ్ అనే సంస్థకు చెందిన మర్రీ హస్జార్డ్ 1990ల నడిమధ్యలో ఘోస్ట్ రాశారు. ఒక ఫ్లాపీలో ఇమిడే ఈ డాస్ ప్రోగ్రాము డిస్కును డిస్కులోకి గానీ, ఇమేజ్ ఫైలులోకి గానీ నకలు తీసేది. డీడీ లాగా ఖాళీ జాగాను మోయకుండా, వాడిన భాగాన్నే చదివి కుదించేది. అందువల్ల పెద్ద డిస్కు ఇమేజ్‌ను దాని కంటే చిన్న డిస్కులోకి కూడా, సమాచారం పట్టినంత వరకు, ఎక్కించడం కుదిరింది. ఒకే ఇమేజ్‌ను నెట్‌వర్క్ మీదుగా గదిలోని యంత్రాలన్నింటికీ ఒకేసారి పంపే సదుపాయం చేరాక కళాశాల ల్యాబులకూ కంపెనీలకూ ఇది నిత్యావసరమైంది. 1998లో సిమాంటెక్ దీన్ని కొన్నది. నార్టన్ ఘోస్ట్ పేరుతో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ ఎంత వ్యాపించిందంటే, ఇమేజ్ తీయడాన్ని 'ఘోస్ట్ కొట్టడం' అనడం సాంకేతికుల నోట పడింది.

దానికి పోటీగా నిలిచినది అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన పవర్‌క్వెస్ట్ సంస్థ డ్రైవ్ ఇమేజ్. 2003లో పవర్‌క్వెస్ట్‌ను కూడా సిమాంటెక్ కొనేసింది. 2004లో వచ్చిన ఘోస్ట్ 9కు పేరు ఘోస్ట్‌దైనా లోపలి పనితనం డ్రైవ్ ఇమేజ్‌దే. నార్టన్ ఘోస్ట్ అమ్మకాలు 2013 ఏప్రిల్ 30తో ముగిశాయి. ఆ మధ్యలో ఎక్రోనిస్ ట్రూ ఇమేజ్, బ్రిటన్‌లో తయారైన మేక్రియమ్ రిఫ్లెక్ట్ ఆ స్థానాన్ని పంచుకున్నాయి.

నడుస్తున్న యంత్రానికి నకలు

ఘోస్ట్ తొలి సంచికలకు విండోస్‌ను ఆపి ఫ్లాపీతో బూట్ చేయాల్సి వచ్చేది. కారణం లేకపోలేదు. విండోస్ నడుస్తున్నంత సేపూ డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. ఇమేజ్ సగం తీసేసరికి తొలి సగంలోని సంగతి మారిపోతే, రెండు వేర్వేరు క్షణాలు ఒకే ఫైలులో అతుకుతాయి. దీనికి మైక్రోసాఫ్ట్ చూపిన మార్గం వాల్యూమ్ షాడో కాపీ. విండోస్ ఎక్స్‌పీలో మొదలై సర్వర్ 2003లో స్థిరపడిన ఈ సేవ ఒక క్షణాన్ని ఖరారు చేసుకుంటుంది. ఆ తర్వాత ఏ భాగం మీద కొత్త రాత పడబోతున్నా, ముందు పాత రాతను పక్కకు తీసి ఉంచుతుంది. ఇమేజ్ తీసే ప్రోగ్రాముకు డిస్కు ఆ క్షణంలో ఆగిపోయినట్టు కనబడుతుంది, వాడుకరి మాత్రం తన పని తాను చేసుకుంటాడు. అప్పటి నుంచి ఇమేజింగ్ రాత్రిపూట తనంతట తాను జరిగే పని అయింది. మొదట ఒకసారి పూర్తి ఇమేజ్ తీసి, ఆపైన మారిన భాగాలనే చేర్చే ఇంక్రిమెంటల్ పద్ధతి కూడా సాధారణమైంది.

2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా కొన్ని సంచికల్లో ఇమేజింగ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే చేర్చింది. 2009లో విండోస్ 7 దాన్ని సిస్టమ్ ఇమేజ్ పేరుతో మరింత మందికి చేర్చింది. 2017లో మాత్రం మైక్రోసాఫ్ట్ ఈ సదుపాయాన్ని ఇక అభివృద్ధి చేయబోమని ప్రకటించి, ఇతర సంస్థల సాఫ్ట్‌వేర్ వాడమని సూచించింది. కంట్రోల్ ప్యానెల్‌లో 'విండోస్ 7' అన్న పాత పేరుతోనే అది విండోస్ 10లో కూడా మిగిలింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ప్రధానమైనది క్లోన్‌జిల్లా. తైవాన్ జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రంలో ఇది తయారైంది. 5.6 గిగాబైట్ల ఇమేజ్‌ను 41 కంప్యూటర్లలోకి దాదాపు 10 నిమిషాల్లో ఒకేసారి ఎక్కించిన లెక్కను దాని రూపకర్తలే ప్రకటించారు. మ్యాక్ లోకంలో కార్బన్ కాపీ క్లోనర్ ఏళ్ళ తరబడి ఈ పని చేసింది. 2020లో మ్యాక్ ఓఎస్ బిగ్ సర్ సిస్టమ్ భాగానికి సీలు వేయడంతో బూట్ అయ్యే నకలు తీయడం అక్కడ కష్టమైపోయింది.

తిరిగి ఎక్కించడంలో చిక్కులు

ఇమేజ్‌ను అదే యంత్రంలోకి ఎక్కిస్తే పేచీ తక్కువ. మదర్‌బోర్డు మారితే ఎక్స్‌పీ కాలంలో నీలి తెర ఎదురయ్యేది. డిస్కును చదివే కొత్త కంట్రోలరుకు తగిన డ్రైవరు పాత ఇమేజ్‌లో లేకపోవడమే అందుకు కారణం. బూట్‌కు ముందే తగిన డ్రైవర్లను ఇమేజ్‌లోకి చొప్పించే సాధనాలు ఈ అవసరం కోసమే పుట్టాయి.

ఆ తర్వాతి చిక్కు ఎస్ఎస్‌డీలతో వచ్చింది. విస్టాకు ముందటి విండోస్‌లో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. 4 కిలోబైట్ల గళ్ళుగా పనిచేసే కొత్త డిస్కుల మీద ఆ ఇమేజ్‌ను యథాతథంగా ఎక్కిస్తే, ఒక్కో రాత రెండు గళ్ళ మీదుగా పడి డ్రైవ్ నెమ్మదించేది. అందుకే విస్టా నుంచి తొలి పార్టిషన్‌ను 2048వ సెక్టార్‌కు జరిపారు. బయోస్ పోయి యూఈఎఫ్ఐ వచ్చాక బూట్ ఫైళ్ళు వేరే చిన్న పార్టిషన్‌లోకి చేరాయి. సీ డ్రైవ్ ఒక్కదానికే ఇమేజ్ తీసి ఆ చిన్న పార్టిషన్‌ను వదిలేసినవారికి రీస్టోర్ రోజునే ఆ సంగతి తెలుస్తుంది. బిట్‌లాకర్ తాళం ఉన్న డిస్కుల్లో ఇంకో మెలిక ఉంది. విండోస్ నడుస్తుండగా తీసిన ఇమేజ్‌లో సమాచారం తాళం లేకుండా పడుతుంది కాబట్టి, ఇమేజ్ ఫైలుకే విడిగా తాళం వేయాలి.

తెలుగు డీటీపీ ఉదాహరణ

ఫైళ్ళు దాచుకుంటే చాలదా అన్న ప్రశ్నకు తెలుగు డీటీపీ రంగం మంచి జవాబు. యూనికోడ్‌కు ముందటి అను ఫాంట్ల వంటి వాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. పేజ్‌మేకర్‌లో కట్టిన పెళ్ళి శుభలేఖ ఫైలు డీ డ్రైవ్‌లో భద్రంగానే ఉండవచ్చు. సిస్టమ్ ఫార్మాట్ కొట్టించాక ఆ ఫాంటు లేని యంత్రంలో దాన్ని తెరిస్తే పెళ్ళికొడుకు పేరు స్థానంలో అర్థం లేని గుర్తులు కనబడతాయి. ఫాంట్లు, వాటి కీబోర్డు మేనేజరు, పేజ్‌మేకర్, ప్రింటరు డ్రైవరు అన్నీ కుదిరితేనే ఆ ఫైలు తెలుగవుతుంది. పేజ్‌మేకర్ చివరి సంచిక 7.0 వచ్చింది 2001లో. అలాంటి పాత సాఫ్ట్‌వేర్ మూల సీడీలు పోయినచోట, పనిచేస్తున్న రోజుల్లో తీసిన ఇమేజే ఆ ఏర్పాటుకు మిగిలే ఏకైక ప్రతి. వర్చువల్ యంత్రంలో నడిచే రూపానికి మార్చుకుంటే, ఆ పాత విండోస్‌ను కొత్త కంప్యూటరులో ఒక కిటికీగా తెరుచుకోవచ్చు.

రాన్సమ్‌వేర్ కాలం

2017 మే 12న మొదలైన వానాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ఇలాంటి ప్రోగ్రాములు, యంత్రానికి తగిలించి ఉంచిన బ్యాకప్ డిస్కును కూడా వదలవు. షాడో కాపీలను ముందుగా చెరిపేయడం వాటి అలవాటు. అందుకే ఇమేజ్ ఉన్న డిస్కును పని కాగానే ఊడదీసి పెట్టాలన్నది నియమమైంది.

అదే ఏడాది జూన్ 27న నాట్‌పెట్యా అనే మరో దాడి దెబ్బకు డెన్మార్క్ నౌకా రవాణా సంస్థ మెర్స్క్ దాదాపు 4,000 సర్వర్లలో, 45,000 పీసీలలో సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ వేసుకోవాల్సి వచ్చింది. చాలా సర్వర్లకు వారం లోపు బ్యాకప్ ఉంది. లాగిన్లను నడిపే డొమైన్ కంట్రోలర్లకు మాత్రం లేదు. ప్రపంచమంతటా ఉన్న ఆ యంత్రాలు ఒకదానికొకటి నకలుగా ఉంటాయి కాబట్టి విడిగా దాచే అవసరం తోచలేదు. దాడి అన్నింటినీ ఒకేసారి తుడిచేసింది. కరెంటు పోయి ఆగి ఉన్న ఘనాలోని ఒక్క కంట్రోలర్ మిగిలింది, సంస్థ దాని నుంచే లేచింది. ఎప్పటికప్పుడు తనంతట తానే మారే నకలు బ్యాకప్ కాదని, కదలకుండా పక్కన ఉన్నదే బ్యాకప్ అని ఈ ఘటన చూపింది.

నేటి స్థితి

విండోస్‌ను నెట్ నుంచి మళ్ళీ దించుకునే రీసెట్ సదుపాయం, క్లౌడ్‌లో ఫైళ్ళు దాచుకోవడం వచ్చాక మామూలు ఇళ్ళలో ఇమేజింగ్ అవసరం తగ్గింది. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ నడిచే ప్రెస్సులు, ల్యాబులు, కార్యాలయాలు దాన్ని వదల్లేదు. ఇప్పటి సాధనాలు ఇమేజ్‌ను డ్రైవ్‌లా తెరిచి ఒక్క ఫైలును బయటికి తీసివ్వగలవు, చెక్‌సమ్‌తో అది చెడిందో లేదో చూడగలవు, వర్చువల్ యంత్రంలో బూట్ చేసి చూపగలవు. 29 ఫ్లాపీల నాటి భయం వీటి వెనుక ఇంకా ఉంది. అప్పుడు ఏ ఫ్లాపీ చెడిందో రీస్టోర్ రోజు దాకా తెలిసేది కాదు. ఇప్పుడు రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఖాళీ డిస్కులోకి ఒకసారి ఎక్కించి చూస్తే ముందే తెలుస్తుంది.