సంగడి

కయాక్ అనే మాట మా ఇంట్లోకి మొదట తెచ్చింది మా ఆడపడుచు కూతురు. బెంగుళూరులో ఉద్యోగం. సంక్రాంతికి మోపిదేవి వచ్చి, సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం అయిన మర్నాడే "అత్తయ్యా, ఇక్కడ కయాక్‌లు దొరకవా? పొద్దున్నే బయల్దేరి సాయంత్రందాకా అందరం వరసగా తెడ్లేసుకుంటూ వెళ్దాం" అంది. ఒక్క మనిషి కూర్చునే సన్నటి పడవట. ఉత్తరధ్రువం దగ్గర ఇనుయిట్ వేటగాళ్ళు చట్రానికి సీల్ తోలు బిగించి చేసుకున్నది.

"అయితే మన తాటిదోనెకి చుట్టమేలే" అన్నాను.

ఎందుకన్నానంటే, కొల్లేటి వాళ్ళకి ఈ విద్య కొత్త కాదు. ముదురు తాటిమాను పైన ఇనుములా ఉంటుంది, లోపల అంతా పీచు. దాన్ని తొలిచేస్తే దోనె తయారు. దోనె ఒంటరిగా ఉంటే కాస్త ఒరిగినా బోల్తాయే. అందుకని రెండు దోనెలు పక్కపక్కన కట్టేస్తే అది సంగడి. మన నిఘంటువులు ఆ మాటకి స్నేహం అనే అర్థం కూడా చెబుతాయి, సంగడికాడంటే నేస్తం. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకులో రాసిన పెరిప్లస్ అనే ఓడ బేరగాళ్ళ పుస్తకంలో, తూర్పుతీరంలో దుంగలు జతచేసి కట్టిన పెద్ద పడవల్ని 'సంగర' అంటారని ఉంది. ఆ రెండు మాటలకీ చుట్టరికం ఉందని పండితులంటారు. అదే పుస్తకం మన వైపు నాడుని మసాలియా అని పిలిచి, అక్కడ సన్నబట్ట విస్తారంగా తయారవుతుందని కూడా రాసింది. బందరు కలంకారీ చీర కట్టుకున్నప్పుడల్లా నాకా వాక్యం గుర్తొస్తుంది!

సరే, కయాక్‌లు దొరకలేదు. పదిమందిమీ నాగాయలంక రేవులో మామూలు పడవే ఎక్కాం. పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణ ఇక్కడికొచ్చేసరికి నది అనాలో సముద్రం అనాలో తెలియని తీరులో ఉంటుంది. పడవతనికి గడియారంతో పని లేదు, పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో చూసుకుంటాడు. రెండువైపులా మడ చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళు. "ఆ తిల్లచెట్టు కొమ్మ విరవమాకండి, పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అని పడవతను పిల్లల్ని గట్టిగానే గదిమాడు. ఈ అడవినే 1989లో కృష్ణా అభయారణ్యం అన్నారు. బావురుపిల్లి ఉంటుందంటారు గాని మాకు కనిపించలేదు. మా గోలకి అది ఎందుకొస్తుంది?

మనం మర్చిపోయాంగాని, ఈ నీళ్ళలో పెద్ద ఓడలే తిరిగాయి. మోపిదేవికి కూతవేటు కాకపోయినా పక్కనే అనుకోదగ్గ ఘంటసాల చూడండి. రెండో శతాబ్దపు టాలెమీ కంటకోస్సిల అని రాసిన రేవుపట్టణం అదే. అక్కడి ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. మహానావికుడు! రాజులూ మంత్రులే రాళ్ళకెక్కుతారనుకునేదాన్ని. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉండడంలో వింతేముంది? కృష్ణ ఏటేటా ఒండ్రు తెచ్చి పోసింది. ఇవాళ ఘంటసాలకి సముద్రం పది మైళ్ళకి పైనే దూరం. ఓడలాగిన ఊరి చుట్టూ వరిచేలు.

పదమూడో శతాబ్దంలో దివిసీమని గెలిచిన కాకతి గణపతిదేవుడు ఇక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలని పెళ్ళాడాడు. వాళ్ళ తమ్ముడే నృత్తరత్నావళి రాసిన జాయపసేనాని. చరిత్ర పుస్తకాలు అంతటితో ఆగుతాయి. నాకు నచ్చింది మాత్రం ఆ రాజు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారు. నేను సుంకం తప్ప మరేమీ ముట్టను అన్నాడు. సముద్రం ముంచినవాడిని మళ్ళీ ఒడ్డున ముంచకూడదని ఒక రాజుకి తోచింది.

సముద్రానికి అటువంటి శాసనాలేం లేవు. 1864 నవంబరు ఒకటిన బందరు మీదికొచ్చిన ఉప్పెనలో ముప్ఫైవేల మంది పోయారు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ వంతు. ఎత్తు ఐదు మీటర్ల దాకా లేచిన నీళ్ళు మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చాయి. లెక్కకి తేలినవాళ్ళే పదివేల పైచిలుకు. మేం తిరిగొస్తుంటే పడవతను తెడ్డు ఎత్తి ఒక దిక్కు చూపించి "సొర్లగొంది అటు" అన్నాడు. ఆ ఊరు ఆ రాత్రి తుడిచిపెట్టుకుపోయింది. ప్రాణం దక్కినవాళ్ళలో చాలామందిని కాచింది చెట్లే. కొందరు ముళ్ళకంపల్లో చిక్కుకుని బతికారు, కొందరు తాటిమానుల్ని కావలించుకుని తెల్లవార్లూ ఉండిపోయారు. దోనె తొలవడానికి కొట్టేస్తామే, అటువంటి ముదురుచెట్లే. పొద్దున్న కిందికి దిగాక తమ ఇల్లు ఏ వైపున ఉండేదో పోల్చుకోలేకపోయామని చెబుతారు.