మన పల్లెల ఇంటికప్పులు – అనుమతుల చరిత్ర



నూరేండ్ల చరిత్రను తలంచుకొనునప్పుడు మనము ఆలయములను, బడులను, ఆసుపత్రులను లెక్కించుచున్నాము. ఆ ఆలయములకు వచ్చిన విశ్వాసులు ఎట్టి కప్పు క్రింద నిద్రించిరి, ఆ కప్పు వేసికొనుటకు ఎవరి అనుమతి అడుగవలసి వచ్చెను అను సంగతిని తక్కువగా తలంచుచున్నాము. మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెలలో దీనికి ఒక చరిత్ర ఉన్నది.

ఈ ప్రాంతములో కలిగినవారిది మట్టిమిద్దె. రాతిగోడలమీద దూలములు, దంతెలు పరచి, పైన చవుడుమన్ను దట్టించెడివారు. పేదలది బోదకొట్టము. మార్కాపురం పలకలు దేశములోని బడిపిల్లల చేతులలోనికి పోయినవి. పిమ్మట పరదేశములలో ఇండ్లకప్పులకును పోయినవి. అయినను ఆ పలకరాయి తీసిన కూలివాని ఇంటిమీద చాలకాలము బోదగడ్డియే ఉండెను.

బోదకును, వెదురుకును, దూలములకును ఆధారము నల్లమల అడవి. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. రిజర్వు చేయబడిన అడవిలోనుండి కలపగాని వెదురుగాని అనుమతి లేక తెచ్చుట నేరమైనది. మన పెద్దలు ఇంటికప్పు నిమిత్తము సర్కారును అడిగిన మొదటి అనుమతి ఇదియే అనవచ్చును. 1983లో నాగార్జునసాగర్ – శ్రీశైలం అడవి పులుల రక్షణ పథకము క్రిందికి వచ్చినది. 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యము ఏర్పడినది. కట్టుబాట్లు ఇంకను బిగిసినవి. బోద కరవగుకొలది కొట్టములమీదికి రేకులు, తరువాత శ్లాబులు వచ్చినవి.

రెండవ అనుమతి పంచాయతీది. 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టము, 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టము, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ఒకదాని తరువాత ఒకటి వచ్చినవి. 2002లో గ్రామములలోని లేఔట్లకును భవనములకును ప్రత్యేక నియమములు చేయబడినవి. కట్టకముందు ప్లాను చూపవలెను, స్థలము తనదని కాగితము చూపవలెను, వీధికిని పొరుగుగోడకును ఎడము విడువవలెను అనునవి వాటి సారము.

ఇది వట్టి వేధింపని కొందరందురు. ఎండకాలములో ఒక కొట్టమునకు నిప్పంటుకొనిన యెడల వరుసంతయు కాలిపోవుట మన పల్లెలకు తెలియనిది కాదు. సందు లేని చోటికి నీళ్ల బిందెయైనను చేరదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, కొత్త ఇల్లు కట్టువాడు పైకప్పుకు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ ఉన్నది. ఎవడైనను పడి చనిపోయినయెడల ఆ దోషము ఇంటివానిదే. మిద్దెమీద మిరపకాయలు ఆరబోసి, వేసవి రాత్రులు అక్కడనే పండుకొను మనకు ఆ ఆజ్ఞ సులువుగా అర్థమగును. ఇంటి నియమము పొరుగువాని ప్రాణము నిమిత్తమైనది.

అయితే కష్టము కప్పుతో కాదు, కప్పు క్రింది నేలతో వచ్చినది. గ్రామకంఠములోని ఇండ్లకు సాధారణముగా విడివిడిగా పట్టాలు ఉండెడివి కావు. ఎవరి స్థలమెంతో కరణమునకును, ఇరుగుపొరుగువారికిని మాత్రమే తెలియును. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఈ తాలూకాలు కర్నూలు జిల్లానుండి దానిలో చేరినవి. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చినది. 1984లో కరణముల ఉద్యోగములు రద్దయినవి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. ఇన్ని మార్పులలో నోటిమాటమీద నిలిచిన హక్కులకు సాక్షులు కరవైరి.

పేదలకు ఇండ్లు కట్టించుటకు 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది. ఆ పథకములవలన బోదకొట్టములున్న చోట శ్లాబుఇండ్లు లేచినవి. దేవునికి స్తోత్రము. అయితే సర్కారు ఇచ్చిన పట్టా తాతపేరుననే ఉండిపోయిన ఇండ్లు, తెల్లకాగితముమీద చేతులు మారిన స్థలములు అనేకము. అసైన్డు భూముల బదిలీని 1977 చట్టము నిషేధించెను. ఇంటిస్థలములకు తరువాత కొన్ని సడలింపులు వచ్చినను, కొన్నవాడు ఆ షరతులను ముందే విచారించవలెను. లేనియెడల మనుమడు పై అంతస్తు వేయబోయిన దినమున పంచాయతీవారు అడుగు మొదటి ప్రశ్నకే జవాబుండదు.

మేము సంఘములలో చెప్పుచున్నది ఇది. ఇంటిపన్ను రసీదు వేరు, కట్టుటకు అనుమతి వేరు, స్థలముమీద హక్కు వేరు. ఒకటి రెండవదాని పని చేయదు. పునాది తీయకముందే పంచాయతీ కార్యదర్శిని కలిసి, దరఖాస్తు వ్రాతపూర్వకముగా ఇచ్చి, రసీదు పుచ్చుకొనవలెను. మార్కాపురం, గిద్దలూరు పట్టణముల హద్దులలో ఉన్నవారికి పురపాలక నియమములు వర్తించును. తండ్రి గతించినయెడల వారసుల పేర్లను ఆలస్యము చేయక ఎక్కించుకొనవలెను. గ్రామములలోని ఇంటిస్థలములను డ్రోనులతో కొలిచి ఆస్తికార్డులిచ్చు స్వామిత్వ పథకము 2020 ఏప్రిల్ 24న ఆరంభమైనది. కొలత జరుగు దినమున ఇంటివారు దగ్గరుండి హద్దులు చూపవలెను.

ప్రార్థనామందిరములకును ఇదే మాట. ఒక విశ్వాసి నోటిమాటతో ఇచ్చిన స్థలములో కట్టిన మందిరము, ఆయన పిల్లల కాలములో వివాదమున పడవచ్చును. ఇచ్చినవాడు బ్రదికియుండగనే దానపత్రము వ్రాయించి రిజిస్టరు చేయించుట అతనికిని సంఘమునకును మేలు.

మన తాతలు బోదమోపుకొరకు అడవి దారిలో అనుమతి అడిగిరి. మన పిల్లలకు మనమిచ్చు ఇంటితోకూడ దాని కాగితములను కూడ సరిగా అప్పగించుదము.