తుపాకీ పక్కన ఇయర్ మఫ్స్

డాలస్ శివార్లలో మా పక్కింటాయన పాత సైనికుడు, డెబ్భై దాటినవాడు. మేం ఇల్లు కొనుక్కుని వచ్చిన కొత్తలో, చలికాలం నీళ్ళ గొట్టాలు పగలకుండా ఏం చెయ్యాలో దగ్గరుండి చూపించాడు. అదే ఊపులో తన ఇంట్లోకి తీసుకుపోయి, మంచం పక్కన ఉన్న చిన్న ఇనుప పెట్టె కూడా తెరిచి చూపించాడు. వేలిముద్రతో తెరుచుకునే పెట్టె అది. లోపల నల్లటి పిస్తోలు, ఒక టార్చిలైటు, వాటి పక్కనే చెవులకు పెట్టుకునే, బ్యాటరీతో పనిచేసే ఇయర్ మఫ్స్. అర్ధరాత్రి ఎవడో తలుపు పగలగొడుతుంటే చెవులు మూసుకుని కూర్చునేవాడు ఉంటాడా? అదే అడిగాను. "ఇవి మూసుకోవడానికి కాదు, ఇంకా బాగా వినడానికి" అన్నాడు. ఆయన కుడి చెవిలో వినికిడి యంత్రం ఉంది. వియత్నాం నుంచి తెచ్చుకున్న చెవుడు.

ఆ పెట్టె నన్ను చాలా దూరం తీసుకుపోయింది. ఈ దేశపు చరిత్ర అందులో ఇమిడి ఉందనిపించింది.

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఇంటికి కాపలా అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. తలుపుకు అడ్డగడియ, వాకిట్లో కుక్క, ఊళ్ళో తలారి. అన్నిటికీ మించి ఇరుగుపొరుగు. ధర్మవరంలో మా వీధిలో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో మగ్గం ఆగితే రెండో ఇంటివాళ్ళకు తెలుస్తుంది. "దొంగ, దొంగ" అని ఒక్క కేక వేస్తే పది ఇళ్ళ తలుపులు తెరుచుకునేవి, చేతికి దొరికిన కట్టె పట్టుకుని మగాళ్ళంతా వీధిలో ఉండేవాళ్ళు. మన ఇంటిని కాపాడేది పక్కింటివాళ్ళ చెవులు.

అమెరికాలో ఆ చెవులు అందుబాటులో లేవు. 1862లో లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం, ఐదేళ్ళు ఉండి సాగు చేసుకుంటామన్నవాళ్ళకు 160 ఎకరాలు దాదాపు ఉచితంగా ఇచ్చింది. (ఆ భూముల్లో అంతకుముందే ఉన్న మూలవాసుల గతి ఏమైందన్నది వేరే కథ, అది చదివితే నిద్ర పట్టదు.) నూట అరవై ఎకరాల మధ్యలో ఒక చెక్క ఇల్లు, పక్కిల్లు మైలు దూరం. అక్కడ ఎంత అరిచినా వినేవాడు లేడు. పోలీసు స్టేషను ఒక రోజు ప్రయాణం. తుపాకీ ఆ ఒంటరితనంలోంచి ఇంటి సామానులో భాగమైంది. ఇప్పుడు ఇళ్ళు దగ్గరకొచ్చాయి, 911 నొక్కితే పోలీసులు వస్తారు. అయినా మైలు దూరపు అలవాటు మనుషుల్లో మిగిలిపోయింది.

దానికి చట్టం అండ ముందే ఉంది. ఎవరి ఇల్లు వాళ్ళకు కోట అనే సూత్రాన్ని ఇంగ్లండు న్యాయస్థానం 1604లో సెమేన్ కేసులో చెప్పింది. వలస వచ్చినవాళ్ళు దాన్ని వెంట తెచ్చుకున్నారు. 1761లో బోస్టన్‌లో జేమ్స్ ఓటిస్ అనే లాయరు, రాజుగారి అధికారులు ఇళ్ళలో జొరబడి సోదాలు చెయ్యడాన్ని ఇదే మాటతో ఎదిరించాడు. 1791లో రాజ్యాంగానికి రెండో సవరణ వచ్చింది, ఆయుధం ఉంచుకునే హక్కు ప్రజలదని రాశారు. ఆ హక్కు పౌరసేనలకా, ఒక్కొక్క మనిషికా అని రెండు శతాబ్దాలు వాదించుకున్నారు. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తేల్చింది: ఇంట్లో ఆత్మరక్షణకు పిస్తోలు ఉంచుకోవడం మనిషి సొంత హక్కు. మా టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి పెద్దవాళ్ళు చాలామంది లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకుని తిరగొచ్చు.

ఇల్లే కోట అన్న మాట వినగానే నా మనసు పెనుకొండకు పోతుంది. అది నిజం కోట. 1565లో తళ్ళికోట దగ్గర విజయనగరం కూలాక తిరుమలరాయలు హంపి వదిలి వచ్చి తలదాచుకున్న చోటు. ముట్టడికి వచ్చిన సేనలకు లొంగకుండా దాన్ని నిలబెట్టినందుకు జగదేవరాయలకు చన్నపట్నం సీమ బహుమానంగా దక్కింది. ఆ కోట గోడల కింద ఆడుకున్న పిల్లలం మేము. అమెరికా రెండో సవరణ రాసుకున్న తొమ్మిదేళ్ళకే, 1800లో, నిజాం మన సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి అనంతపురంలో మకాం పెట్టాడు. అప్పటికి ప్రతి గుట్ట మీదా ఒక పాళెగాడు, వాడికి ఒక బురుజు, కొంత బంటు బలగం. మన్రో ఎనభై మంది దాకా పాళెగాళ్ళను అణచి, కొందరికి పింఛన్లు ఇచ్చి కూర్చోబెట్టి, శిస్తు నేరుగా రైతుతోనే మాట్లాడుకున్నాడు. తర్వాత 1878 ఆయుధ చట్టం వచ్చింది, దేశమంతటా తుపాకీ సర్కారు దయ మీద ఆధారపడింది. స్వతంత్రం వచ్చాక 1959 చట్టం కూడా ఆ దారినే నడిచింది. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు ఉన్నవాళ్ళు కూడా చాలామంది తుపాకీ తెచ్చి స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఒకే కాలంలో రెండు నేలలు ఎదురెదురు దారులు పట్టాయి. మన దారిలో తెల్లవాడి పెత్తనం ఉంది, అది నాకు నచ్చదు. కానీ వీధిలో ఎవరి నడుముకూ పిస్తోలు లేకుండా పెరిగినందుకు ఆ చట్టాలకు నేను రుణపడే ఉన్నాను.

తుపాకీ ఉన్నంత మాత్రాన రక్షణ ఉండదని కూడా మన సీమకు తెలుసు. 2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవిని అనంతపురంలో పట్టపగలు కాల్చి చంపారు. వెంట గన్‌మన్ ఉన్నాడు, అతనూ పోయాడు. ఆ రాత్రి తగలబడిన బస్సుల వాసన ఈ దేశంలో తుపాకీ దుకాణం ముందు నడిచినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

మళ్ళీ చెవి దగ్గరికి వస్తాను. ఈ కథలో నన్ను కదిలించింది ఒక తండ్రీ కొడుకులు. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్, అమెరికాలో పుట్టి ఇంగ్లండుకు పోయి, 1884లో తనంతట తానే గుళ్ళు మార్చుకుంటూ కాల్చే మరతుపాకీని తయారు చేశాడు. ఆఫ్రికాలో, ఆసియాలో ఎన్ని రాజ్యాలు ఆ తుపాకీ ముందు నేలమట్టమయ్యాయో లెక్కలేదు. దాని పక్కనే ఏళ్ళ తరబడి నిలబడిన మాక్సిమ్‌కు చివరికి చెవులు పూర్తిగా పోయాయి. అమెరికాలోనే ఉండిపోయిన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకీ గొట్టం చివర బిగించే సైలెన్సరుకు పేటెంటు పొందాడు. మోటారు కారు పొగగొట్టంలో చప్పుడు తగ్గించే మఫ్లరుదీ అదే సూత్రం. తండ్రి ప్రపంచానికి ఇచ్చిన చప్పుడును కొడుకు తగ్గించబోయాడు. 1934లో అమెరికా ప్రభుత్వం గూండాల మరతుపాకులను అదుపు చెయ్యడానికి జాతీయ ఆయుధ చట్టం తెచ్చినప్పుడు సైలెన్సరును కూడా అందులో చేర్చి 200 డాలర్ల పన్ను వేసింది. ఆ రోజుల్లో అది సైలెన్సరు ధరకు ఎన్నో రెట్లు. అలా చెవిని కాపాడే వస్తువు నేరగాళ్ళ వస్తువుగా పేరు పడింది. తొంభై ఏళ్ళు కదలని ఆ పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. రిజిస్ట్రేషను, వేలిముద్రలు మాత్రం అలాగే ఉన్నాయి. సినిమాల్లో చూపించినట్టు సైలెన్సరు పెడితే 'టుప్' మని ఊరుకోదు. ఇరవై, ముప్పై డెసిబెల్స్ తగ్గుతుంది, అంతే.

అంత చప్పుడేమిటంటారా? డెసిబెల్ లెక్కలో ప్రతి పదికీ శబ్దశక్తి పదింతలు పెరుగుతుంది. మనం మాట్లాడుకునేది 60. మరమగ్గాల షెడ్డు లోపల 90 దాటుతుంది. పిస్తోలు పేలితే 160 దాకా పోతుంది. 90కీ 160కీ మధ్య శక్తి తేడా కోటి రెట్లు. 140 దాటిన ఒక్క పేలుడు చాలు, చెవి శాశ్వతంగా దెబ్బతినడానికి. ఆరుబయట అయితే చప్పుడు ఎటో పోతుంది. పడకగదిలో, సన్నటి నడవలో గోడలకు కొట్టుకుని మళ్ళీ చెవి మీదికే వస్తుంది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న గదిలో 15,000 పైచిలుకు సన్నటి రోమకణాలు ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడు గాలికి సజ్జచేను ఊగినట్టు అవి ఊగుతాయి. విరిగితే మనిషికి మళ్ళీ మొలవవు. పెద్ద శబ్దానికి బిగుసుకుని చెవిని కాపాడే చిన్న కండరం ఒకటి ఉంది, కానీ అది బిగుసుకునేలోపే తుపాకీ చప్పుడు లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది. భయంతో గుండె దడదడలాడుతున్నప్పుడు కాల్చినవాళ్ళు చాలామంది తమకు చప్పుడే వినబడలేదంటారు. మెదడు వినకపోయినా చెవి దెబ్బ తింటుంది. తర్వాత మిగిలేది పగలూ రాత్రీ ఆగని గుయ్యిమనే హోరు. అమెరికా మాజీ సైనికుల్లో వైకల్య పరిహారం అన్నిటికన్నా ఎక్కువమందికి అందుతున్నది ఈ హోరుకే. రెండో ప్రపంచయుద్ధం నుంచి చెవులు పోగొట్టుకుని వచ్చిన సైనికులకు చికిత్స చేస్తూనే వినికిడి వైద్యం ఇక్కడ ఒక శాస్త్రంగా నిలబడింది.

ఈ అంకెలు నాకు పుస్తకం అంకెలు కావు. మా నాయన చిన్నప్పుడు గుంతమగ్గం మీద నేశాడు, తర్వాత మరమగ్గాల షెడ్డులో చేరాడు. నాడె ఆ చివర నుంచి ఈ చివరకు విసురుగా కొట్టుకుంటుంటే అక్కడ పనివాళ్ళు చేతి సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళు. అన్నం క్యారియరు తీసుకుపోయిన నాకు గుమ్మంలోనే చెవులు దిమ్మెక్కేవి. ఇప్పుడు ఫోను చేస్తే ఆయన మాట ఒక్కటే: "గట్టిగా సెప్పు నాయనా, ఇనపల్లే." మనవరాలి సన్నటి గొంతు ఆయనకు అస్సలు అందదు. అది తాతకు ఎన్నిసార్లు పద్యం చెప్పినా, ఆయన నవ్వి తలూపడమే.

అందుకే ఇక్కడివాళ్ళు తెగ వాదించుకునే ఈ ప్రశ్నను, దొంగ వచ్చినప్పుడు చెవులకు మఫ్స్ పెట్టుకోవాలా వద్దా అన్నదాన్ని, నేను తేలిగ్గా తీసుకోలేను. వద్దనేవాళ్ళ మాటలో బలం ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆలస్యం కూడా ప్రమాదమే. మఫ్స్ పెట్టుకుంటే శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టమవుతుంది. కావాలనేవాళ్ళు ఎలక్ట్రానిక్ మఫ్స్ గురించి చెబుతారు. చిన్న చప్పుళ్ళను పెంచి వినిపిస్తాయి, చప్పుడు 85 డెసిబెల్స్ దగ్గర పడగానే దాని గొంతు నొక్కేస్తాయి. మెట్ల మీద అడుగు చప్పుడు, ఫోనులో 911 ఆపరేటరు మాట, పోలీసుల కేక అన్నీ వినబడతాయి.

నా తీర్పు ఇది. దొంగ గదిలోకి వచ్చేసి ఉంటే మఫ్స్ వెతుక్కునే వేళ కాదు. కానీ అద్దం పగిలిన చప్పుడు కిందినుంచి వినబడితే, ఇల్లంతా వెతుకుతూ బయల్దేరడం కన్నా పిల్లల్ని ఒకే గదిలోకి తెచ్చుకుని, తలుపు వేసుకుని, 911కు చెప్పి కూర్చోవడం మేలు. అప్పుడు రెండు నిమిషాల వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో మొదట పిల్లల చెవులకు, తర్వాత మన చెవులకు పెట్టాలి. ఒకవేళ కాల్చాల్సి వస్తే ఆ గదిలో అందరికన్నా లేత చెవులు వాళ్ళవి. ఇక్కడి ఇళ్ళ లోపలి గోడలు జిప్సం రేకులు, మన రాతిగోడలు కావు. గుండు వాటిని చీల్చుకుని పక్కగదిలోకి పోతుంది. అందుకే పిల్లలు ఎక్కడున్నారో తెలియకుండా తుపాకీ ఎత్తకూడదు.

ఇక్కడున్న మనవాళ్ళ గురించి కూడా చెప్పాలి. 2017లో కాన్సాస్‌లో తెలుగు ఇంజనీరు ఒకరిని బార్‌లో కాల్చి చంపినప్పటి నుంచి తుపాకీ కొందామా అన్న మాట మన ఇళ్ళలో వినబడుతూనే ఉంది. హెచ్-1బి వీసా మీద, చదువు వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్నే ఉన్నాయి. ఆ మినహాయింపు తెలుసుకుని కొనుక్కునే పిల్లలు ఉన్నారు. 2024లో తెలంగాణ విద్యార్థి ఒకడు సొంత తుపాకీ పేలి పుట్టినరోజు నాడే చనిపోయాడు. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మా ఇంట్లో తుపాకీ లేదు, తెచ్చుకోను. గట్టి తలుపు, వాకిట్లో దీపం, పక్కింటాయన ఫోను నంబరు ఉన్నాయి. ఆయన దగ్గర మా నంబరు ఉంది.

అమెరికాలో ఉన్న మీ పిల్లలు తుపాకీ కొన్నామంటే, ముందు దాన్ని ఎక్కడ తాళం వేసి ఉంచారో అడగండి. తర్వాత ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని జతల ఇయర్ మఫ్స్ ఆ పెట్టె పక్కనే ఉన్నాయా అని అడగండి. ధర్మవరంలో, హిందూపురంలో మరమగ్గాల షెడ్లు నడుపుతున్న పెద్దలకు కూడా ఒక మనవి. చెవుల్లో పెట్టుకునే నురగ ప్లగ్గుల ధర తక్కువే. మీ దగ్గర పనిచేసేవాళ్ళకు ఈ వారమే కొనివ్వండి, ఏడాదికి ఒకసారి జిల్లా ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించండి.