కస్టమ్స్ బ్రోకర్: వికారాబాద్, తాండూరు దిగుమతుల నేపథ్యంలో వృత్తి చరిత్ర

విదేశీ సరుకు దేశంలోకి వచ్చినప్పుడు దిగుమతిదారు తరఫున కస్టమ్స్ శాఖకు పత్రాలు దాఖలు చేసి, సుంకం లెక్క తేల్చి, సరుకు విడిపించే లైసెన్సుదారు కస్టమ్స్ బ్రోకర్. 2013 వరకు చట్టంలో ఈ వృత్తి పేరు కస్టమ్ హౌస్ ఏజెంట్. వ్యాపారుల నోట ఇప్పటికీ సీహెచ్ఏ, లేదంటే క్లియరింగ్ ఏజెంట్. బ్రోకర్‌ను పెట్టుకోవడం తప్పనిసరేమీ కాదు. దిగుమతిదారు తన పని తానే చూసుకోవచ్చు, ఉద్యోగితో చేయించుకోవచ్చు. అయితే ఎప్పుడో ఓ యంత్రం తెప్పించుకునే తాండూరు పాలిషింగ్ యూనిట్ యజమానికి ఆ దారి గిట్టదు.

పరాయి రేవు

తెలంగాణకు సముద్రం లేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మాత్రం మచిలీపట్నం సొంత రేవే. ఇంగ్లిష్ కంపెనీ 1611లో అక్కడ స్థావరం పెట్టింది. 1632 నాటి బంగారు ఫర్మానాతో ఏడాదికి 500 పగోడాలు కట్టి గోల్కొండ రేవుల్లో వ్యాపారం చేసుకునే వీలు సంపాదించింది. కోరమాండల్ తీరంలో దొరలకూ స్థానిక అధికారులకూ మధ్య దుబాషీలు ఉండేవారు. మాట తర్జుమా చేయడంతో వాళ్ల పని అయిపోయేది కాదు. సరుకు, పడవలు, కూలీలు, సుంకాల వ్యవహారాలు కూడా వాళ్ల చేతిమీదుగా నడిచేవి. నేటి బ్రోకర్లకు వీళ్లే మూలపురుషులంటే అతిశయోక్తి అవుతుంది. వాళ్లకు లైసెన్సూ లేదు, పరీక్షా లేదు. పని మాత్రం ఆ కోవదే.

1766లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సర్కారు కంపెనీ వశమయ్యాక నిజాం రాజ్యానికి తీరం లేకుండా పోయింది. 1802 వాణిజ్య ఒప్పందం మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు నిజాంకు ఇచ్చింది. కంపెనీ ప్రాంతాల నుంచి వచ్చే సరుకుపై 5 శాతానికి మించి సుంకం వేయరాదని కట్టడి కూడా చేసింది. నిజాం సుంకాల శాఖను కరోడ్‌గిరీ అనేవారు. దాంతో సముద్రం మీదుగా వచ్చిన సరుకుకు రేవులో ఒక సుంకం, రాజ్యం సరిహద్దులో మరో సుంకం. వాడి జంక్షన్ నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా హైదరాబాద్‌కు 1874లో రైలు వచ్చాక బొంబాయి ఈ ప్రాంతానికి దగ్గరైంది, అయినా సరిహద్దు సుంకం అలాగే ఉంది. హైదరాబాద్ భారత్‌లో విలీనమయ్యాక కూడా కొంతకాలం ఇలాంటి సుంకాలు కొనసాగించుకునేందుకు రాజ్యాంగం 306వ అధికరణంలో వెసులుబాటు ఇచ్చింది. 1956లో ఆ అధికరణాన్ని రద్దు చేశారు.

లైసెన్సు

బ్రిటిష్ ఇండియాలో ఏజెంట్లకు చట్టబద్ధ గుర్తింపు 1878 నాటి సముద్ర సుంకాల చట్టం 202వ సెక్షన్‌తో వచ్చింది. 1962 కస్టమ్స్ చట్టం 146వ సెక్షన్‌లో లైసెన్సును కొనసాగించింది. 1965, 1984, 2004లలో నిబంధనలు మారుతూ వచ్చాయి. 2013లో పేరు మారింది. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2018 నిబంధనలు. రాతపరీక్ష, మౌఖిక పరీక్ష రెండూ నెగ్గితేనే లైసెన్సు. కనీసం 5 ఏళ్ల అనుభవమున్న గ్రూప్-ఏ విశ్రాంత అధికారులకు మరో దారి ఉంది. బ్రోకర్ దగ్గర పనిచేసే సిబ్బందిలో పరీక్ష పాసైనవారికి జీ కార్డు, కానివారికి హెచ్ కార్డు. 2018 నిబంధనల్లో మొదట పదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాల్సిన లైసెన్సును 2021లో జీవితకాలానికి మార్చారు.

రాయి కోసే యంత్రం

తాండూరు పేరు చెబితే నాపరాయి, సిమెంటు, కంది పప్పు గుర్తొస్తాయి. రాయి కోసే యంత్రాన్నే తీసుకుందాం. రాయిని కోసే, పాలిష్ చేసే యంత్రాలు టారిఫ్‌లో 8464 శీర్షిక కిందికి వస్తాయి. చిక్కంతా బ్లేడ్ల దగ్గర. లోహపు పళ్లుండి, పైన రాపిడి పదార్థం పూసినా పళ్లుగానే పనిచేసే రంపం బిళ్ల 82వ అధ్యాయంలోకి పోతుంది. పళ్లు లేని వజ్రపు చక్రం 6804లోకి పోతుంది. ఇన్‌వాయిస్‌లో మాత్రం రెంటికీ ఒకే మాట, ‘డైమండ్ బ్లేడ్’. బ్రోకర్ ఫొటో, కేటలాగ్ అడిగేది ఇందుకే. వాటిని పంపడానికి బద్ధకించే వ్యాపారి తర్వాత అధికారి వేసే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటాడు.

లెక్క ఇలా ఉంటుంది. రవాణా, బీమా కలిపి యంత్రం విలువ 10 లక్షల రూపాయలు, మూల సుంకం 7.5 శాతం అనుకుందాం. సుంకం 75,000. దానిపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ 7,500. మొత్తం 10,82,500పై 18 శాతం ఐజీఎస్టీ 1,94,850. చేతినుంచి కట్టేది 2,77,350. ఇందులో ఐజీఎస్టీని అర్హత ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు, సుంకం, సర్‌చార్జీ మాత్రం ఖర్చే. ఈ తేడా తెలియక ధర కట్టేవాళ్లున్నారు.

వికారాబాద్ జిల్లాకు అందుబాటులో ఉన్న కస్టమ్స్ కేంద్రాలు సనత్‌నగర్, తిమ్మాపూర్‌లలోని ఇన్‌లాండ్ కంటైనర్ డిపోలు, శంషాబాద్ విమానాశ్రయ కార్గో. ముంబయి దగ్గరి నావా షేవా రేవు నుంచి వాడి మార్గంలో వచ్చే కంటైనర్ రైలు తాండూరు పక్కనుంచే సనత్‌నగర్‌కు పోతుంది. అదే సరుకు అక్కడ విడుదలై లారీ మీద తాండూరుకు వెనక్కి రావాలి. విచిత్రమే అయినా తప్పదు. దిగుమతి సరుకు వివరాల పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు గడువు దాటితే మొదటి 3 రోజులు రోజుకు 5,000, ఆపై రోజుకు 10,000 రూపాయల ఆలస్య రుసుము. డిపో అద్దె, కంటైనర్‌కు షిప్పింగ్ లైన్ వేసే డిటెన్షన్ వేరే.

కౌంటర్ పోయాక

1995లో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ దాఖలు పద్ధతి ఫైళ్లు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగే పనిని క్రమంగా తగ్గించింది. 2011 నుంచి సుంకం లెక్క దిగుమతిదారే స్వయంగా వేసుకోవాలి. 2018లో వచ్చిన ఈ-సంచిత్‌తో పత్రాలు ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. 2020 జూన్ 8న బెంగళూరు, చెన్నైలలో మొదలై అక్టోబరు 31 నాటికి దేశమంతటా విస్తరించిన ఫేస్‌లెస్ అసెస్‌మెంట్‌లో బిల్లు చూసే అధికారి ఏ ఊళ్లో ఉంటాడో వ్యాపారికి తెలియదు. పరిచయాలతో పని నడిపించే ఏజెంట్‌కు ఇది దెబ్బే. టారిఫ్ చదివినవాడికి మేలే జరిగింది.

బాధ్యత మాత్రం పెరిగింది. 2018 నిబంధనల్లో పదో నిబంధన ప్రకారం బ్రోకర్ కక్షిదారు నుంచి అధికార పత్రం తీసుకోవాలి. ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్), జీఎస్టీ నంబర్లు సరైనవో కాదో, ఆ సంస్థ చెప్పిన చిరునామాలో నిజంగా ఉందో లేదో చూసుకోవాలి. రికార్డులు 5 ఏళ్లు దాచాలి. తప్పితే 50,000 రూపాయల వరకు జరిమానా, లైసెన్సు రద్దు. కొత్త కక్షిదారును పాన్ కార్డు, కరెంటు బిల్లు అడిగే బ్రోకర్ మీద విసుక్కోవడం అందుకే తగదు. మరోవైపు, ఏజెంట్ చేసిన పని యజమానికి తెలిసే జరిగిందన్నట్టే కస్టమ్స్ చట్టం 147వ సెక్షన్ చూస్తుంది. కాబట్టి ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకాలు చేసి ఇవ్వడం సాహసమే.

మూలదేశం రుజువు విషయంలో ఈ బాధ్యత మరీ కచ్చితం. వాణిజ్య ఒప్పందాల కింద తక్కువ సుంకం కోరేవారు ఆ సరుకు నిజంగా ఆ దేశంలో తయారైందనడానికి తగిన సమాచారం తమ దగ్గర ఉంచుకోవాలని 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. సర్టిఫికెట్ ఒక్కటే చూపితే చాలదు.

ఇక కంది సంగతికొస్తే, తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు ముందు ఏడాది మే 15న కంది దిగుమతులను కేంద్రం ‘పరిమిత’ జాబితా నుంచి ‘స్వేచ్ఛ’కు మార్చింది. 2023 మార్చి 4న పప్పు చేయని కందులపై ఉన్న 10 శాతం సుంకాన్నీ ఎత్తేసింది. కందుల దిగుమతికి తలుపులు అలా బార్లా తెరుచుకున్నాయి. దిగుమతి చేసే మిల్లుకు ఆ నోటిఫికేషన్ చదివి చెప్పేది బ్రోకరే. రైతుకు దాని సంగతి మార్కెట్ యార్డులో ధర పడినప్పుడు తెలుస్తుంది.